పెద్దరికమును వివేకమును

పెద్దలమాట చద్దిమూట యని మనమందరము చిన్ననాటినుండి వినుచు పెరిగినవారమే. దారిలో చద్దిమూట యాకలి తీర్చునట్లు కష్టకాలమున పెద్దలమాట యాదుకొనునని దాని భావము. ఈ సామెతను కాదనుటకు నేనీ వ్యాసము వ్రాయుట లేదు. కాని చద్దిమూటనైనను విప్పి చూడక తినువారుండరు. పాచిపోయినదో లేదో చూచియే తిందుము. పెద్దలమాటను మాత్రమట్లు చూచుట తప్పనియు, చూచినవారు పొగరుబోతులనియు మన యిండ్లలో నొక యభిప్రాయము నాటుకొని యున్నది. తల నెరసిన వెంటనే తలలో తెలివి నిండునా? ధనమును, అధికారమును, నలుగురిలో మాట చెల్లుబడియు గలవారికి జ్ఞానము గూడ తప్పక యుండునా? ఈ ప్రశ్న నాకు పుస్తకములలో పుట్టినది కాదు, మా యింటి వసారాలో పుట్టినది.

మూడేండ్ల క్రిందట వేసవి సెలవులలో పలమనేరు చేరువనున్న మా యత్తవారి యూరికి పోయి యుంటిమి. మా మామగారు డెబ్బదియైదేండ్ల వారు. ఊరిలో తగవు వచ్చిన నాయన యరుగుమీదనే తీరును. ఉక్కకు తాళలేక పిల్లలందరు వసారాలో నేలమీద చాపలు పరచుకొని పండుకొనిరి. తెల్లవారుజామున మా మరిది కుమారుడు, ఆరేండ్లవాడు, కడుపునొప్పి యని లేచి యేడ్చెను. ఒకసారి వాంతి యయ్యెను. రాత్రి మామిడిపండ్లు మితిమీరి తిన్నాడు గనుక నిది యజీర్ణమని మా మామగారనిరి. పొరుగింటి పెద్దలిద్దరు వచ్చి చూచి యౌనౌననిరి. మా యత్తగారు వాముకషాయము కాచిరి. నలుగురు పెద్దలొక్కమాట యన్నప్పుడు మాకు వేరు శంక కలుగలేదు.

అంతలో వాకిట కళ్ళాపి చల్లుటకు వచ్చిన పనికత్తెతో నామె కూతురు గూడ వచ్చినది. పదునాలుగేండ్లది, బడిలో తొమ్మిదవ తరగతి చదువుచున్నది. పిల్లవాని మొగము చూచి చీపురు జారవిడిచి, “అమ్మా, బిడ్డ రెప్పలు వాలిపోతా ఉండాయి. మా చిన్నాయన కొడుక్కి కూడా ఇట్లే కడుపునొప్పే వచ్చింది. అది కట్లపామమ్మా. ఆస్పత్రికి ఎత్తుకొని పోండి” అన్నది. ఒడలంతయు వెదకితిమి. కాటు కానరాలేదు, వాపు లేదు, నెత్తురు లేదు. “పెద్దలు మాటలాడుచుండగా నడుమ నీకేల? నీ పని చూచుకొనుము” అని దానిని కసరినది మరియెవరో కాదు, నేనే. ఈ మాట వ్రాయుటకు నాకిప్పటికిని సిగ్గగుచున్నది. పిల్ల తలవంచుకొని పోయినది.

పావుగంట గడచినది. కషాయము పిల్లవాని గొంతు దిగలేదు, పెదవులనుండి కారిపోయినది. ఆ పిల్ల మరల వచ్చి, ఈసారి నన్ను దాటిపోయి, తిన్నగా మా మామగారి యెదుట నిలిచి మొదటి మాటనే మరల చెప్పినది. ఆయన కసరలేదు. “మీ చిన్నాయన కొడుకునకేమయినది? మొదటినుండి చెప్పుము” అని యడిగిరి. అది చెప్పుచుండగనే పిల్లవాని రెప్పలెత్తి చూచిరి. అవి నిలువలేదు. వెంటనే బండి తెప్పించిరి.

వైద్యశాలలో విషమునకు విరుగుడు సూదిమందునెక్కించి, రెండు దినములు యంత్రముతో నూపిరియాడించిరి. ఎనిమిదవనాడు పిల్లవాడు నడచి యింటికి వచ్చెను. మన దేశమున మనుష్యులనెక్కువగా కాటువేయు విషసర్పములు నాలుగు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, ఇసుకపింజర. ఈ నాల్గింటికిని ఒకే విరుగుడు మందు పనిచేయును. వీనిలో కట్లపాము రాత్రివేళ సంచరించునది. నేలమీద నిద్రించువారిని కరచును. కాటు చీమకుట్టినంత నొప్పియైనను కలిగింపకపోవచ్చును. గుర్తు గూడ కానరాకపోవచ్చును. ముందుగా కడుపునొప్పి, పిదప రెప్పలు వాలుట, మ్రింగలేకపోవుట, తుదకూపిరి యాగుట దాని విషలక్షణములు. ఇది తెలియని పెద్దలు నలుగురు, తెలిసిన పిల్ల యొకతె. తమ్ముని వరుసవానిని మంత్రములకును పసరులకును అప్పగించి పోగొట్టుకొన్న దుఃఖము దానికీ జ్ఞానము నిచ్చినది.

చిత్తూరు తిరిగి వచ్చిన పిమ్మట ఈ సంగతి మా పొరుగునున్న క్రైస్తవ సోదరితో చెప్పితిని. ఆమె చిరకాలము రోగులకు పరిచర్య చేసి విశ్రాంతి గైకొన్నది. 1853లో నేర్పడిన ఆర్కాటు మిషనువారు చిత్తూరు, మదనపల్లె, పలమనేరులలో ప్రార్థనాలయములను, పాఠశాలలను నెలకొల్పిరి గదా! ఆమె కుటుంబము నాటినుండియు ఆ సంఘమునకు చెందినదే. నా మాట విని, “అక్కా, ఇది మా నయమాను కథవలెనే యున్నది” అని తమ గ్రంథమును నా చేతికిచ్చినది. భారతభాగవతములతో పెరిగినదానను. ఆ గ్రంథమును కుతూహలముతోనే విప్పితిని. మా యింట జరిగినదే పలుమారులు, పలుపేర్లతో నందు కనబడెను.

నయమాను సిరియా దేశపు సేనాధిపతి. రాజునకు కుడిభుజము. కాని కుష్ఠరోగి. అతని భార్యకు పరిచారికగా ఇశ్రాయేలు దేశమునుండి చెరపట్టి తెచ్చిన యొక చిన్నపిల్ల యుండెను. గ్రంథమున దాని పేరైనను లేదు. షోమ్రోనులోని ప్రవక్తయొద్దకు దొర పోయిన యెడల రోగము మానునని యా పిల్ల యజమానురాలితో చెప్పెను. సేనాధిపతి యామాట విని బయలుదేరెను గాని, దానిని తన యంతస్తునకు తగినట్లుగా మార్చుకొనెను. రాజునొద్ద లేఖ తీసికొని, పదిమణుగుల వెండియు, 6,000 తులముల బంగారమును, పది దుస్తుల బట్టలును వెంటగొని నేరుగా ఇశ్రాయేలు రాజు కొలువునకు పోయెను. పిల్ల చెప్పినది ప్రవక్తను గూర్చి, ఇతడు చేరినది రాజునొద్దకు. ఆ రాజు లేఖ చూచి, ఇది తనపై యుద్ధమునకు నెపమని భయపడి బట్టలు చింపుకొనెను. ఇద్దరు రాజులకును ఒక సేనాధిపతికిని తెలియనిది ఆ పిల్లకు తెలియును! తుదకు ఎలీషా ప్రవక్త బయటికైనను రాక, యొర్దాను నదిలో నేడుమారులు మునుగుమని దూతచేత చెప్పించెను. నయమానునకు కోపము వచ్చెను. తమ దమస్కు నదులు ఇంతకన్న మేలైనవి కావా యని మరలిపోసాగెను. అప్పుడతనిని మరల్చినవారెవరు? మరల సేవకులే. కష్టమైన కార్యము చెప్పిన చేసియుందురు గదా, సులువైనది చేయుటకేల వెనుదీయవలెనని మెల్లగా నచ్చజెప్పిరి. అతడు వినెను, స్వస్థుడయ్యెను. అతని గొప్పతనము సేనాధిపత్యములో లేదు. పరిచారిక మాటకొకసారి, సేవకుల మాటకొకసారి చెవియొగ్గుటలో నున్నది.

వినని గొప్పవాని కథయు నందే యున్నది. నాబాలు 3,000 గొఱ్ఱెలు, 1,000 మేకలు గల ధనికుడు. తన మందలను కాపాడిన దావీదు పదిమంది పడుచువారిని పంపి యాహారమడిగింపగా వారిని హేళనచేసి పంపివేసెను. దావీదు 400 మందితో కత్తిగట్టి బయలుదేరెను. ఇంటి సేవకులలో నొకడా యపాయమును గుర్తించెను. గుర్తించియు యజమానునొద్దకు పోలేదు. ఆయనతో మాటాడుట యెవరికిని శక్యము కాదనుచు నాతని భార్యయైన అబీగయీలునొద్దకు పరుగెత్తెను. ఆమె జాగుచేయక 200 రొట్టెలు, వండిన యైదు గొఱ్ఱెల మాంసము, 200 అత్తిపండ్ల యడలు మున్నగునవి గాడిదలకెక్కించి, ఎదురేగి, దావీదును శాంతింపజేసెను. ఇంటినిండ జనము ప్రాణములతో మిగిలిరి. ఈ కథలో నన్నాపివేసినది సేవకుని యా యొక్కమాట. ఎవరితో మాటాడుట శక్యము కాదో, ఆ పెద్దకు తన యింటికి నిప్పంటుకొన్నను తెలియదు. మన యిండ్లలో నిట్టి నాబాలులు లేరా? వారి పెద్దరికమే వారి చుట్టు గోడయై నిజమును లోనికి రానీయదు.

ఇక యోబు కథ. సర్వసంపదలును, బిడ్డలును పోగొట్టుకొని బూడిదలో కూర్చున్న యోబునొద్దకు ముగ్గురు స్నేహితులు వచ్చిరి. ఎలీఫజు, బిల్దదు, జోఫరు. తొలుత నేడు దినములు మాటాడక నతనితోకూడ నేలపై కూర్చుండిరి. అది వారు చేసిన మంచిపని. నోరు తెరచిన తరువాత, పాపము చేయనిదే యింత శిక్ష రాదని నిరపరాధిని నిందించిరి. తాము వయసు మీరినవారమనియు, తరతరముల పెద్దలు చెప్పినదిదియే యనియు వారి వాదము. వారి నడుమ ఎలీహు అను పడుచువాడుండెను. పెద్దలు ముందు మాటాడవలెనను మర్యాదచే నందరును ముగించువరకు నోరెత్తలేదు. పిదప, ఏండ్లు గడచినంత మాత్రమున జ్ఞానము రాదనియు, దేవుడు మనుష్యునిలోనుంచిన యూపిరియే వివేకము నిచ్చుననియు ధైర్యముగా చెప్పెను. ఇందు నాకు నచ్చినది మరియొకటి కలదు. ఎలీహు మాటయే తుదిమాట కాదు. అతని యుపన్యాసమును దీర్ఘమే, అందు దర్పమును కొంత లేకపోలేదు. తరువాత సుడిగాలిలోనుండి పలికిన దేవుడు ముగ్గురు వృద్ధులను తప్పుపట్టెను గాని ఎలీహును మెచ్చనులేదు, నిందింపనులేదు. వయసు జ్ఞానమునకు హామీ కాదన్నచో, పడుచుదనము హామీ యని యర్థము కాదు గదా!

ఈ రెండవ సంగతిని మరువరాదు. సొలొమోను రాజు పిన్నవయసున ధనమునడుగక వివేకమునడిగి పొందెను. ముసలితనమున నా వివేకమునే పోగొట్టుకొని దారితప్పెను. వయసుతో తెలివి పెరుగుననుట సత్యమైనచో నిది తలక్రిందుగా జరుగవలసినది. అతని కుమారుడు రెహబాము మరొక తీరున చెడెను. పన్నులభారము తగ్గింపుమని ప్రజలు కోరగా, మృదువుగా మాటాడుమన్న వృద్ధమంత్రుల యాలోచన త్రోసివేసి, తనతో పెరిగిన పడుచువారి మాట విని, ఇంకను కఠినముగా బదులుచెప్పెను. పండ్రెండు గోత్రములలో పది యతనిని విడిచిపోయెను. ఒకచోట వృద్ధులది తప్పు, ఒకచోట పడుచువారిది తప్పు. కావున నడుగవలసిన ప్రశ్న ఎవరు చెప్పిరని కాదు, ఏమి చెప్పిరని.

అట్లయిన పెద్దలను గౌరవింపవలదా? అదే గ్రంథమున లేవీయకాండము నెరసిన తలయెదుట లేచి నిలువుమని శాసించుచున్నది. మన మనుధర్మశాస్త్రమును రెండవ యధ్యాయమున వృద్ధులకు లేచి నమస్కరింపుమని చెప్పి, ఆ యధ్యాయముననే తల నెరసినంతమాత్రమున నెవడును వృద్ధుడు కాడని చెప్పినది. ఇట నొక వైరుధ్యమున్నట్లు తోచును గాని లేదు. గౌరవము వేరు, జ్ఞానము వేరు. గౌరవము మనము వారికి చెల్లింపవలసిన ఋణము. మనలను మోసిన చేతులకు, మనకొఱకు మేల్కొన్న రాత్రులకు చెల్లించు ఋణము. జ్ఞానమట్లు కాదు. ప్రతి సందర్భమునను కొత్తగా నిరూపింపవలసినది. లేచి నిలుచుట కాళ్ళు చేయు పని. నిలిచినంత మాత్రమున కన్నులు మూసికొనవలసిన పనిలేదు.

మన భారతమునను కురుసభలో ద్రౌపది యడిగిన ప్రశ్నకు తాతయైన భీష్ముడు ధర్మము సూక్ష్మమని తప్పించుకొనెను. ద్రోణుడు మాటాడలేదు. కన్నులు లేని ముసలిరాజు కొడుకు గెలుపునకు మురిసెను. ధర్మము పలికినవాడు దుర్యోధనుని తమ్ములలో నొకడైన వికర్ణుడు. కర్ణుడతనిని బాలుడవని కసరెను. నేనా పనిపిల్లను కసరినట్లే! ఆ ఘట్టము నెన్నిమారులో చదివి కర్ణుని తప్పుపట్టితిని. నా వసారాలో నేనే కర్ణుడనైనప్పుడు గుర్తింపనైతిని. చదివిన చదువు సమయమునకక్కరకు రానిచో దానిని జ్ఞానమనుట యెట్లు?

మన సీమలోనే తరిగొండ వెంగమాంబ చరిత్రమున్నది. 1730లో జన్మించి, బాల్యముననే భర్తను గోల్పోయిన యామెకు నాటి సంఘమున నంతస్తు లేదు, మాటాడు నధికారము లేదు. ఆచారము పాటింపలేదని పెద్దలనేకులు బాధించిరనియు, పీఠాధిపతియెదుట గూడ తలయొగ్గలేదనియు చెప్పుకొందురు. ఆమె తిరుమల చేరి వేంకటాచల మాహాత్మ్యము, ద్విపద భాగవతము మున్నగు గ్రంథములు రచించి 1817లో పరమపదించెను. నేటికిని స్వామివారి యేకాంతసేవలో నామె పేరిట ముత్యాలహారతి జరుగుచున్నది. కొండపైని యన్నప్రసాద భవనమునకు నామె పేరే పెట్టిరి. ఆమెను దూషించిన గొప్పవారి పేర్లు మనలోనెందరికి తెలియును?

చిత్తూరునకు దగ్గరనున్న వేలూరు వైద్యశాలకు మనవారు నిత్యము పోవుచుందురు. అది పుట్టుటకు కారణమైన కథయు నిట్టిదే. 1870లో జన్మించిన అయిడా స్కడ్డరు ఇరువదియేండ్ల ప్రాయమున తిండివనములో తండ్రియింట నుండగా, ఒక్క రాత్రి మూడు కుటుంబములవారు వచ్చి ప్రసవవేదనలోనున్న స్త్రీలను చూడ రమ్మని యామెను వేడిరి. తనకు వైద్యము తెలియదనియు, వైద్యుడైన తండ్రిని పంపుదుననియు నామె చెప్పెను. పరపురుషుడు చూడరాదని ముగ్గురును మరలిపోయిరి. తెల్లవారునప్పటికి మువ్వురు స్త్రీలును మరణించిరి. ఆ మరలిపోయినవారు క్రూరులు కారు. ఆలోచింపక పెద్దల యాచారమును పాటించినవారు. ఆ యువతి యమెరికా పోయి 1899లో వైద్యపట్టము పొంది, తిరిగి వచ్చి 1918లో వేలూరున స్త్రీలకు వైద్యపాఠశాల స్థాపించెను. ముగ్గురు తల్లుల ప్రాణములు పోయిన పిదప కలిగిన వివేకమది.

మరి మనము చేయవలసినదేమి? యూదుల ప్రాచీన న్యాయసభలో నొక నియమముండెడిది. మరణశిక్షకు సంబంధించిన విచారణలో నభిప్రాయము చెప్పుట వయసున చిన్నవారినుండి మొదలు. పెద్దలు ముందు చెప్పినచో చిన్నవారు భయముచేతనో భక్తిచేతనో దానినే యనుసరింతురని వారి తలంపు. ప్రాణసంకటమైన విషయములలో పెద్దరికమెంత యడ్డమో వారెరిగియే యీ కట్టడి చేసిరి. ఈ నియమము మన యిండ్లకును తగును. రోగము, అప్పు, పిల్ల పెండ్లి, చదువు, భూమియమ్మకము వచ్చినప్పుడు కోడలిని, కూతురిని, కడగొట్టు పిల్లవానిని ముందడిగిన నష్టమేమి? నిర్ణయము పెద్దలదే కానిండు. వినిన పిదప నిర్ణయింతురు గాక!

పెద్దలకును ఇందు చిన్నతనము లేదు. ఏలీ యాజకుడు వృద్ధుడు, చూపు మందగించినవాడు. రాత్రి దేవుని పిలుపు వినబడినది బాలుడైన సమూయేలునకు. కాని యది దేవుని పిలుపని గుర్తించి, మరల పోయి యెట్లు బదులు పలుకవలెనో నేర్పినవాడు ఏలీయే. తెల్లవారిన పిదప, తన యింటికి కీడు చెప్పు మాటయైనను దాచక చెప్పుమని బాలుని యడిగి తెలిసికొనెను. తనకు వినబడని దానిని మరియొకరు వినగలరని యొప్పుకొనుటయే వృద్ధునకు శోభ.

మా మామగారును అట్లే చేసిరి. పిల్లవాడింటికి వచ్చిననాడు ఊరివారందరు కూడియుండగా, వాకిట నిలిచిన యా పిల్లను పిలిచి తన ప్రక్కన నరుగుపై కూర్చుండబెట్టుకొని, “నా తల నెరసినది గాని కట్లపాము కాటు నేనెరుగను. ఈ తల్లి యెరుగును” అనిరి. ఆ యరుగున నాయన చెప్పిన తీర్పులన్నింటిలో నిది గొప్పదని నేననుకొందును. నేను మాత్రము ఆ పిల్లను లోపలికి పిలిచి, నా తప్పు మన్నింపుమని యొంటరిగా చెప్పుకొంటిని. అది నవ్వి, “పోనీలేమ్మా, బిడ్డ బాగుండాడు కదా” అన్నది. ఇప్పుడది కళాశాలలో చదువుచున్నది.

సోదరీమణులారా, నేడు నేను అత్తగారికి కోడలిని, పిల్లలకు పెద్దను. ఇరువదియేండ్లు గడచిన నేనును అత్తనగుదును, నా తలయు నెరయును. అప్పుడు నా యింటి కోడలో, పనిపిల్లయో వణకుచు వచ్చి నా యెదుట నిలిచి యొక మాట చెప్పబోవును. ఆనాడు దాని నోరు మూయించు కసరు నా నోట రాకుండుగాక యని భగవంతుని వేడుకొనుచున్నాను.